పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పోయిన ఐరిష్ ఖైదీలు

ఐర్లండు బంగాళదుంప కరువు గురించి పోయిన సంచికలో రాస్తూ, ఆ రోజుల్లో అక్కడి పేదల్ని ఆస్ట్రేలియాకు ఖైదీలుగా పంపిన సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాం. దాని మీదే ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వీళ్ళు ఆకలికి దొంగతనం చేసినవాళ్ళా, స్వాతంత్ర్యం కోసం తిరగబడ్డవాళ్ళా? ఒక్కో చోట ఒక్కోలా చదివాను. (విజయవాడ)

రెండు రకాలూ ఉన్నారు, కానీ మొదటి రకమే చాలా ఎక్కువ. 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. అందులో ఐర్లండు రేవుల్లో ఓడెక్కినవాళ్ళు దాదాపు 40,000. కూలికి ఇంగ్లండు పోయి అక్కడ శిక్ష పడ్డ ఐరిష్ వాళ్ళు వీళ్ళకు అదనం. గొర్రె, ఆవు, బట్టలు, ధాన్యం: చాలా కేసులు వీటి చుట్టూనే తిరుగుతాయి. ఎక్కువమందికి పడింది ఏడేళ్ళ శిక్ష. పద్నాలుగేళ్ళు, యావజ్జీవం కూడా వేసేవారు.

బ్రిటిష్ పాలన మీద 1798లో లేచిన తిరుగుబాటులో పాల్గొన్నవాళ్ళు, అదే కోవకు చెందిన 1848 నాటి యంగ్ ఐర్లండర్లు, 1867 నాటి ఫీనియన్లు అచ్చంగా రాజకీయ ఖైదీలు. లెక్కలో వీళ్ళు చిన్న భాగం. ఈ రెండు రకాల మధ్య ఇంకొక గుంపు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కౌలు పెంచినందుకు, భూమి ఖాళీ చేయించినందుకు, క్యాథలిక్కులైన తమది కాని ప్రొటెస్టెంట్ చర్చికి పన్ను కట్టమన్నందుకు రాత్రిళ్ళు దాడులు చేసిన వైట్‌బాయ్‌లు, రిబ్బన్‌మెన్ వీళ్ళు. ఇలాంటి గొడవల్ని అణచడానికి తెచ్చిన ఇన్సరెక్షన్ చట్టం అమల్లో ఉన్న ప్రాంతంలో పొద్దుగూకాక ఇంట్లో లేకపోవడమే నేరం. జ్యూరీ అక్కర్లేదు. తనిఖీకి వచ్చినప్పుడు మంచం ఖాళీగా కనబడితే చాలు, ఏడేళ్ళు పడేది. ఇలాంటివాణ్ణి దొంగ అనాలా, ఉద్యమకారుడు అనాలా? అప్పటి రికార్డు మాత్రం నేరస్థుడనే రాసుకుంది.

కరువు ముదిరిన 1840ల చివర మరో సంగతి జరిగింది. జైల్లో అయితే తిండి దొరుకుతుందని కావాలనే దొంగతనం చేసి, తమను ద్వీపాంతరం పంపమని కోర్టును అడిగినవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: ప్రయాణం ఎలా సాగేది? దారిలో ఎంతమంది పోయేవారు? (వరంగల్లు, మరో ఇద్దరు)

శిక్ష పడ్డాక ముందు కౌంటీ (జిల్లా) జైల్లో ఉంచేవారు. తర్వాత కార్క్ దగ్గర కోవ్ రేవుకో, డబ్లిన్ పక్కన కింగ్స్‌టౌన్‌కో చేర్చేవారు. 1820ల్లో, 30ల్లో అక్కడ ఎసెక్స్, సర్‌ప్రైజ్ అనే పాత యుద్ధ నౌకలు లంగరేసి ఉండేవి. వాటినే జైళ్ళుగా వాడారు. 1847 నుంచి కార్క్ రేవులోని స్పైక్ దీవి పెద్ద ఖైదీల డిపో అయింది. ఓడ కోసం నెలల తరబడి అక్కడే పడి ఉండాల్సి వచ్చేది.

ఓడ కింది అంతస్తులో రెండు వరుసల బల్లలు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న ఒక్కో బల్లమీద నలుగురు. అంటే మనిషికి అడుగున్నర, సుమారు 45 సెంటీమీటర్లు. ఒకడు పక్కకు తిరగాలంటే నలుగురూ తిరగాల్సిందే. ప్రయాణం మొదట్లో అయిదారు నెలలు పట్టేది, 1830లకు నాలుగు నెలలకు దిగింది.

తొలి రోజుల్లో చావులకు సముద్రం కంటే కాంట్రాక్టే పెద్ద కారణం. ఓడ యజమానికి డబ్బు తలకింత చొప్పున, అదీ ఎక్కించుకున్న తలకి. దించిన తలకి కాదు. దారిలో ఖైదీ చస్తే తిండి ఖర్చు మిగిలినట్టే. 1790లో ఇంగ్లండు నుంచి వచ్చిన రెండో ఖైదీ ఓడల గుంపులో (సెకండ్ ఫ్లీట్) నాలుగో వంతు మంది దారిలోనే పోయారు. ఐర్లండు నుంచి నేరుగా వచ్చిన మొదటి ఓడ ‘క్వీన్’ కూడా ఆ కాంట్రాక్టర్లదే. 1791 ఏప్రిల్‌లో కార్క్ వదిలి సెప్టెంబరులో సిడ్నీ చేరింది. రేషన్ తూకంలో మోసం జరిగిందని ఖైదీలు దిగగానే ఫిర్యాదు చేశారు. విచారణ జరిపితే నిజమేనని తేలింది కూడా. అయినా ఓడ వాళ్ళకు శిక్ష పడలేదు.

మార్పు 1814లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన మూడు ఓడల్లో చావులు, జబ్బులు ఎక్కువగా ఉండటంతో విలియం రెడ్‌ఫర్న్ అనే వైద్యుడు విచారించి నివేదిక ఇచ్చాడు. ఆయన కూడా నౌకాదళ తిరుగుబాటు కేసులో ఖైదీగా వచ్చినవాడే. ఆ మూడింట్లో ‘త్రీ బీస్’ ఐర్లండు నుంచి వచ్చింది. ఖైదీలు దిగాక అది సిడ్నీ రేవులోనే అంటుకుని, మందుగుండుకు నిప్పు తగిలి పేలిపోయింది. గాలి, శుభ్రత, బట్టలు, బాధ్యత గల వైద్యుడు కావాలన్నది రెడ్‌ఫర్న్ చెప్పిన సారాంశం. ఆ తర్వాత ఓడకొక సర్జన్ సూపరింటెండెంట్‌ను వేశారు. ఖైదీల విషయంలో కెప్టెన్ కూడా ఆయన మాట వినాలి. పొద్దున్నే పరుపులు పైకి తెచ్చి ఆరబెట్టడం, కింది అంతస్తును తడి లేకుండా గీకి శుభ్రం చేయడం (నీళ్ళు పోసి కడిగితే చెమ్మ నిలిచి రోగాలు వస్తాయి), స్కర్వీ (తాజా పళ్ళు, కూరగాయలు దొరక్క వచ్చే జబ్బు) రాకుండా నిమ్మరసం, తెరచాప గుడ్డతో గొట్టంలా కుట్టి కిందికి గాలి పంపడం ఆయన పనులు. వీటితో చావులు బాగా తగ్గాయి. ఐరిష్ ఓడల్లో మిగిలిన ఇబ్బంది ఏమిటంటే, కరువు ఏళ్ళలో మనుషులు ఓడెక్కేటప్పటికే ఎముకల గూళ్ళు. నిమ్మరసం ఎంత పోసినా నెల తిరక్కుండానే స్కర్వీ కనబడేది.

ఓడ బద్దలవడం అరుదు. కానీ 1835లో కార్క్ నుంచి ఆడ ఖైదీలతో, వాళ్ళ పిల్లలతో బయలుదేరిన ‘నేవా’ ఆస్ట్రేలియా, టాస్మానియాల మధ్య ఉన్న కింగ్ దీవి దగ్గర రాళ్ళకు కొట్టుకుంది. సుమారు 240 మందిలో బతికింది 15 మంది.

ప్రశ్న: దిగాక ఏం చేయించేవారు? ఏం పెట్టేవారు? (గుంటూరు)

దించకముందే గుమాస్తా ఓడ మీదికి వచ్చి ఒక్కొక్కరి వివరాలు రాసుకునేవాడు. పేరు, వయసు, మతం, చదువు, పెళ్ళి, పిల్లలు, పుట్టిన ఊరు, పని, నేరం, తీర్పు ఎక్కడ ఎప్పుడు, ఎత్తు, మేని ఛాయ, జుట్టు, కళ్ళు, మచ్చలు, పచ్చబొట్లు. ఈ పట్టీ పేరు ఇండెంట్. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నది అది. ఆ రోజుల్లో పేదవాడి రూపురేఖల్ని అంత వివరంగా రాసిన కాగితం ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

తాపీపని, వడ్రంగం, కమ్మరం వచ్చినవాళ్ళను ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకునేది. మిగతావాళ్ళను దరఖాస్తు పెట్టుకున్న భూస్వాములకు పంచేవారు. దీన్ని అసైన్‌మెంట్ అనేవారు. జీతం ఉండదు, తిండి బట్ట యజమాని ఇవ్వాలి. 1830ల న్యూ సౌత్ వేల్స్ (సిడ్నీ ఉన్న కాలనీ) నిబంధనల ప్రకారం వారానికి 12 పౌండ్ల గోధుమలు (సుమారు అయిదున్నర కిలోలు), లేదంటే 9 పౌండ్ల పిండి. 7 పౌండ్ల గొడ్డు మాంసం గాని గొర్రె మాంసం గాని, లేకపోతే నాలుగున్నర పౌండ్ల ఉప్పు పంది మాంసం. 2 ఔన్సుల ఉప్పు, 2 ఔన్సుల సబ్బు. తొడుక్కోవడానికి ఏడాదికి రెండు కోటులు, మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, మూడు జతల బూట్లు, ఒక టోపీ. ఇవి కాక ఒక కంబళి, పరుపు. బంగాళదుంప, మజ్జిగతో బతికిన ఐరిష్ కూలీకి ఊళ్ళో ఇంత మాంసం కలలో కూడా దొరికేది కాదు.

టీ, చక్కెర, పొగాకు ఈ పట్టీలో లేవని గమనించండి. అవి యజమాని ‘దయ’. పని నచ్చకపోతే ఆపేయొచ్చు. యజమాని తన చేత్తో కొట్టకూడదు, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళాలి. 1832 చట్టం వచ్చాక ఒక్క మేజిస్ట్రేటు 50 కొరడా దెబ్బలకు మించి వేయరాదు. ఇదంతా కాగితం మీద సబబుగానే ఉంది. చిక్కల్లా ఆ మేజిస్ట్రేటు కూడా పక్క ఎస్టేటు యజమాని కావడమే. ఖైదీ ఫిర్యాదు చేయాలంటే సెలవు చీటీ ఇవ్వాల్సింది ఎవరు? ఎవరి మీద ఫిర్యాదో ఆ యజమానే. చీటీ లేకుండా వెళితే పారిపోయినట్టు లెక్క.

ప్రశ్న: ‘టికెట్ ఆఫ్ లీవ్’ అంటే సెలవు చీటీయా, విడుదలా? (హైదరాబాదు)

రెండూ కాదు. శిక్ష అలాగే ఉంటుంది, కానీ ఎవరి కిందా ఉండకుండా సొంతంగా కూలికి పోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. మంచి నడవడి ఉన్నవాడు ఒకే యజమాని దగ్గర ఉంటే, ఏడేళ్ళ శిక్షకు నాలుగేళ్ళయ్యాక, పద్నాలుగేళ్ళకు ఆరేళ్ళయ్యాక, యావజ్జీవానికి ఎనిమిదేళ్ళయ్యాక అర్హత వచ్చేది. యజమానులు మారితే గడువు పెరుగుతుంది: ఏడేళ్ళవాడికి ఇద్దరు యజమానులైతే అయిదేళ్ళు. స్థానిక మేజిస్ట్రేట్ల బెంచి ద్వారా దరఖాస్తు పంపాలి. చీటీ మీద జిల్లా పేరు ఉంటుంది. ఆ జిల్లా దాటాలంటే పాస్‌పోర్టు అనే వేరే అనుమతి పత్రం తీసుకోవాలి. పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. తాగి దొరికినా, హాజరు తప్పినా చీటీ రద్దయ్యేది. మంచి పనివాణ్ణి వదులుకోవడం ఇష్టంలేని యజమాని గడువు దగ్గరపడ్డాక చిన్న నేరం మోపితే చాలు, అర్హత వెనక్కిపోయేది. వీళ్ళ జీవితాల్లో కొరడా కంటే ఇదే ఎక్కువ బాధించి ఉంటుందని మా అభిప్రాయం.

దీని పైమెట్టు షరతులతో క్షమాభిక్ష: స్వేచ్ఛ ఉంటుంది, స్వదేశానికి మాత్రం పోకూడదు. ఆ పైన సంపూర్ణ క్షమాభిక్ష. శిక్ష పూర్తయినవాడికి ఇచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడమ్. యావజ్జీవ ఖైదీకి గడువే లేదు కాబట్టి ఆ సర్టిఫికెట్ ఉండదు. తిరుగు ప్రయాణం ఛార్జీ ప్రభుత్వం ఇవ్వదు, అందుకే ఇంటికి పోయినవాళ్ళు బహు తక్కువ.

ఐరిష్ వాళ్ళకు ఇక్కడ ప్రత్యేకమైన అన్యాయం ఒకటి జరిగింది. క్వీన్‌తో మొదలుపెట్టి 1790ల్లో ఐర్లండు నుంచి వచ్చిన ఓడలతో ఖైదీల శిక్షా పత్రాలు రాలేదు. ఎవరికి ఎన్నేళ్ళో, ఎప్పటి నుంచో సిడ్నీ అధికారులకు తెలియదు. ‘నా ఏడేళ్ళు అయిపోయాయి’ అని మనిషి మొత్తుకున్నా, కాగితం లేదు కాబట్టి పనికి పొమ్మనేవారు. పారిపోయే ప్రయత్నాలకు ఇదీ ఒక కారణం. 1791 నవంబరులో ఇరవైమంది మగవాళ్ళు, ఒక గర్భిణి ఉత్తరానికి నడిస్తే చైనా వస్తుందని నమ్మి సిడ్నీ దగ్గరి పారమట్టా నుంచి బయల్దేరారు. తర్వాతి ఏళ్ళలో దిక్సూచి బొమ్మ గీసిన కాగితాన్ని నిజం దిక్సూచి అనుకుని పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు.

టికెట్ పద్ధతి తర్వాత అండమాన్‌కూ వచ్చింది. అక్కడ చీటీ పొందిన ఖైదీని ‘సెల్ఫ్ సపోర్టర్’ అనేవారు.

ప్రశ్న: ఆడవాళ్ళ సంగతి రాయండి. (రాజమండ్రి)

ఆస్ట్రేలియాకు పంపిన ఆడ ఖైదీలు మొత్తం సుమారు 25,000. ఐర్లండులో 1836 నుంచి వాళ్ళను డబ్లిన్ గ్రాంజ్‌గోర్మన్ జైల్లో పోగుచేసి ఓడెక్కించేవారు. దిగాక ఇళ్ళల్లో పనికి పంచేవారు. పనిలో కుదరనివాళ్ళను, గర్భిణులను, మళ్ళీ శిక్ష పడ్డవాళ్ళను ఫిమేల్ ఫ్యాక్టరీలో పెట్టేవారు. పారమట్టా ఫ్యాక్టరీ 1821లో, టాస్మానియాలో హోబర్ట్ దగ్గర కాస్కేడ్స్ 1828లో మొదలయ్యాయి. పేరుకు ఫ్యాక్టరీ, నిజానికి జైలు, నేతశాల, పురిటిల్లు అన్నీ అదే. మూడు తరగతులుండేవి. మూడో తరగతికి దింపితే జుట్టు కత్తిరించేవారు. 1827లో రేషన్ కోసినందుకు పారమట్టా ఆడవాళ్ళు తలుపులు బద్దలుకొట్టి ఊళ్ళోకి వెళ్ళి రొట్టెలు తెచ్చుకున్నారు. సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. అక్కడ పుట్టిన పిల్లల్ని మూడు నాలుగేళ్ళు రాగానే తల్లి నుంచి వేరుచేసి అనాథాశ్రమ పాఠశాలకు పంపేవారు. ఈ నియమం గురించి చదివినప్పుడల్లా మిగతా శిక్షలన్నీ చిన్నవనిపిస్తాయి.

మరో ఇద్దరు పాఠకులు కరువు అనాథ బాలికల గురించి అడిగారు. 1848–50లో ఐర్లండు వర్క్‌హౌసుల నుంచి పంపిన ఆ 4,000 మందికి పైగా అమ్మాయిలు ఖైదీలు కాదు. రెంటినీ కలపకండి.

ప్రశ్న: మేం సిడ్నీలో రౌస్ హిల్ దగ్గర ఉంటాం. ఇక్కడ ఖైదీల యుద్ధం జరిగిందంటారు, నిజమేనా? (రౌస్ హిల్)

నిజం. కాసిల్ హిల్, తూంగబ్బీ, పారమట్టా, రౌస్ హిల్: ఇవాళ తెలుగు కుటుంబాలు చాలా ఉంటున్న ఈ ప్రాంతమంతా ఆ కథలో ఉంది. కాసిల్ హిల్‌లో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఉండేది. అక్కడి ఖైదీల్లో 1798 తిరుగుబాటుదార్లు చాలామంది. 1804 మార్చి 4 రాత్రి ఒక గుడిసెకు నిప్పుపెట్టి సంకేతం ఇచ్చారు. నాయకుడు ఫిలిప్ కన్నింగ్‌హామ్. హాక్స్‌బరీ నది ప్రాంతం నుంచి వచ్చేవాళ్ళను కలుపుకుని పారమట్టా, సిడ్నీ పట్టుకుని ఓడల్లో స్వదేశం పోవాలన్నది పథకం. కబురు హాక్స్‌బరీకి అందలేదు. చీకట్లో కొన్ని గుంపులు దారి తప్పాయి. మర్నాడు మేజర్ జాన్‌స్టన్ కొద్దిమంది సైనికులతో వెంటపడ్డాడు. మాట్లాడుకుందామని నాయకుల్ని ముందుకు పిలిచి, వాళ్ళ తలలకు పిస్తోళ్ళు గురిపెట్టి పట్టుకుని, కాల్పులకు ఆజ్ఞ ఇచ్చాడు. పదిహేనుమంది దాకా చనిపోయారు. కన్నింగ్‌హామ్‌ను విచారణ లేకుండానే ఉరితీశారు. మొత్తం తొమ్మిది ఉరిశిక్షలు. ఐరిష్ ఖైదీల క్యాథలిక్ ప్రార్థనకు అంతకుముందు ఏడాది 1803లో ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేశారు. క్యాసిల్‌బ్రుక్ స్మశానవాటికలో స్మారకం ఉంది, చూసి రండి.

తూంగబ్బీ పేరెత్తాం కాబట్టి ఇదీ చెప్పాలి. 1800లో, తిరుగుబాటు కోసం దాచిన బల్లేల జాడ చెప్పమని పాడీ గాల్విన్ అనే కుర్రాడికి అక్కడ 300 కొరడా దెబ్బలు కొట్టారు. అక్కడే ఉండి చూసిన 1798 తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ హోల్ట్ రాసినదాని ప్రకారం, కొట్టిన ఇద్దరిలో ఒకడిది కుడిచేతివాటం, ఇంకొకడిది ఎడమచేతివాటం. దెబ్బ వెంట దెబ్బ లయ తప్పకుండా పడిందట. గాల్విన్ మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు.

ప్రశ్న: నెడ్ కెల్లీ కూడా ఖైదీగా వచ్చినవాడేనా? (తెనాలి)

కాదు, పేరుమోసిన ఆ బందిపోటు ఆస్ట్రేలియాలోనే పుట్టాడు. ఖైదీగా వచ్చింది తండ్రి జాన్ కెల్లీ. టిప్పరరీలో రెండు పందుల దొంగతనానికి ఏడేళ్ళు పడి, 1842లో వాన్ డీమన్స్ లాండ్ (నేటి టాస్మానియా) చేరాడు.

ప్రశ్న: మా అల్లుడి తరఫువాళ్ళ పూర్వికుడు ఐరిష్ ఖైదీ అంటారు. రికార్డులు దొరుకుతాయా? (మెల్‌బోర్న్)

దొరుకుతాయండీ, కానీ ఐర్లండు నుంచి మొదలుపెట్టకండి. చాలామంది చేసే పొరపాటు అదే. 1836కు ముందరి ద్వీపాంతర రిజిస్టర్లు 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడినప్పుడు బూడిదయ్యాయి. ‘జాన్ మర్ఫీ, కార్క్’ అని వెతికితే పదులకొద్దీ వస్తారు, ఎవరు మీవారో తేల్చలేరు.

ముందు ఆస్ట్రేలియాలోని మరణ ధ్రువపత్రం తెప్పించండి. విక్టోరియాలో 1853 నుంచి, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుంచి ఇచ్చిన వాటిలో పుట్టిన చోటు, ‘కాలనీలో ఎన్నేళ్ళు’ అని ఉంటాయి. ఆ ఏళ్ళు తీసివేస్తే వచ్చిన సంవత్సరం సుమారుగా తెలుస్తుంది. తర్వాత పట్టుకోవాల్సింది ఓడ పేరు. ఖైదీకి ఓడ పేరే ఇంటిపేరులాంటిది, ప్రతి కాగితం మీదా మనిషి పేరు పక్కన అది ఉంటుంది. ఒకే ఓడ చాలాసార్లు వచ్చి ఉంటే ఎన్నో ప్రయాణమో కూడా చూసుకోండి. ఓడ తెలిస్తే ఇండెంట్ దొరుకుతుంది. న్యూ సౌత్ వేల్స్‌వి ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. టాస్మానియా ఆర్కైవ్స్ ఖైదీల నడవడి రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఆ తర్వాతే ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ డేటాబేస్‌కు వెళ్ళండి. రిజిస్టరు కాలిపోయినా, శిక్ష తగ్గించమని ఖైదీలు, వాళ్ళ ఇంటివాళ్ళు డబ్లిన్ కోటకు (అప్పటి ఐర్లండు ప్రభుత్వ కార్యాలయం) పెట్టుకున్న అర్జీలు చాలా మిగిలాయి. భార్యాపిల్లల్ని ఉచితంగా పంపమని అడిగిన కాగితాలూ ఉన్నాయి. ఊరి పరిస్థితి, కుటుంబం వివరాలు అక్కడే దొరుకుతాయి.

పేరు వెతికేటప్పుడు ముందరి ‘ఓ’, ‘మాక్’ తీసేసి కూడా చూడండి. ఐరిష్ భాష తప్ప రానివాడు చెప్పిన పేరును ఇంగ్లీషు గుమాస్తా చెవికి విన్నట్టు రాసుకున్నాడు. వయసు అయిదేళ్ళు అటూ ఇటూ ఉన్నా కొట్టిపారేయకండి. పెళ్ళి విషయంలోనూ ఇండెంట్‌ను పూర్తిగా నమ్మలేం. ఆస్ట్రేలియాలో ఖైదీ పెళ్ళికి అనుమతి కావాల్సి వచ్చేది, ఇండెంట్‌లో ‘వివాహితుడు’ అని ఉంటే ఇచ్చేవారు కాదు. అది తెలిసి ముందే పెళ్ళి కాలేదని చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. తీర్పు జరిగిన కౌంటీని సొంత ఊరు అనుకోకండి. రెండూ ఇండెంట్‌లో వేరు వేరు గడుల్లో ఉంటాయి, చర్చి రిజిస్టర్లలో వెతకాల్సింది పుట్టిన ఊరి పేరుతో.